చెల్లు రాసిన చెయ్యి

నరసరావుపేట,
బుధవారం, నవంబరు 19.

అమ్మకు,

ప్రభువు పేరట వందనాలు. ఇక్కడ నేను, ఏంజెల్, పాప ముగ్గురం బాగున్నాం. బాగున్నాం అంటే జ్వరాలు లేవు, డబ్బాలో బియ్యం ఉన్నాయి, ఆదివారం చర్చి మానడం లేదు. అంతవరకే రాయగలను. సత్తుపల్లి హాస్టల్లో నువ్వూ, నీ అరవై మంది ఆడపిల్లలూ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరంలో చదివి సంతోషించాం. చలి మొదలైంది కదా, తెల్లవారుజామున వంటగదిలోకి వెళ్ళేటప్పుడు చెవులకు మఫ్లర్ చుట్టుకో.

ఇంత పెద్ద ఉత్తరం ఎందుకు, ఫోన్ చేసి చెప్పేయొచ్చు కదా అంటుంది ఏంజెల్. ఫోను చెవిన పెట్టుకుంటే నీకు నా మాట సగమే వినపడుతుంది. ఆ సగానికి నువ్వు నీకు నచ్చిన అర్థం చెప్పుకుని "సరే నాయనా, మంచిది" అంటావు. ఈసారి చెప్పేది అలా సగం వింటే కుదరదు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. ఛాతీలో మంట తగ్గలేదు. డాక్టరు కారం తగ్గించమన్నాడు. పల్నాడులో పుట్టినవాడికి కారం తగ్గించమని చెప్పే డాక్టరు ఎక్కడ చదివాడో నేను అడగలేదు. మంట కారం వల్ల కాదని నాకు తెలుసు. పాప రెండో తరగతిలో బాగానే చదువుతోంది. అక్షరాలు గుండ్రంగా, తలకట్లు చక్కగా రాస్తోంది. మొన్న ఏంజెల్ పలక చూసి "అచ్చం మీ నాన్న దస్తూరే వచ్చిందే కావ్యా" అని మురిసిపోయింది. నేను ఏదో పని ఉన్నట్టు లేచి బయటికి వెళ్ళాను.

"ఏందిరా నీ ఉద్యోగం, అది జీతమా పుణ్యమా?" అని అడిగావు. జీతం పద్నాలుగు వేలు, అదీ రెండు నెలలుగా ఆలస్యం. పుణ్యం సంగతి ఉత్తరం చివరిదాకా చదివి నువ్వే చెప్పు. మా సంస్థ ఏం చేస్తుందో హాస్టల్లో టీచర్లకు చెప్పలేకపోతున్నానని రాశావు. ఇట్లా చెప్పు. అప్పిచ్చినవాడు పేదవాళ్ళ ఇంటి మీదకు వస్తే, ఆ ఇంటివాళ్ళ పక్కన నిలబడి "ఏదీ కాగితం, ఎంత ఇచ్చావు, ఎంత తీసుకున్నావు" అని అడుగుతాం. కోర్టు దాకా పోతే లాయరు ఖర్చు లేకుండా చూస్తాం. వినడానికి బాగానే ఉంటుంది. చేస్తుంటే మాత్రం రోజూ మురుగుకాలవలో చేతులు పెట్టి తీసినట్టు ఉంటుంది. సాయంత్రం ఇంటికి వచ్చి రెండుసార్లు సబ్బుతో కడుక్కుంటాను.

పోయిన వారం నాదెండ్ల వెళ్ళాం. అక్కడ గ్రూపు లోను తీసుకున్న ఆడవాళ్ళు పదిమంది. ఒకామె వారం కిస్తీ కట్టలేకపోయింది, కూలికి పోయిన మొగుడు కాలు విరిగి మంచాన ఉన్నాడు. కలెక్షన్ ఏజెంటు ఆమెను ఒక్క మాట అనలేదు. మిగతా తొమ్మిది మందినీ తీసుకొచ్చి ఆమె గుమ్మం ముందు కూర్చోబెట్టాడు. ఆమె కట్టేదాకా ఎవరూ ఇళ్ళకు పోకూడదట, వాళ్ళకు కొత్త లోను రాదట. తను బండి మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. నిన్నటిదాకా ఆమె దగ్గర కరివేపాకు అడిగి పట్టుకెళ్ళిన ఆడవాళ్ళే ఆమె పొయ్యి మీద అన్నం గిన్నె దించి వీధిలో పెట్టారు. నేను వెళ్ళేసరికి ఆ అన్నం మీద ఈగలు ముసురుతున్నాయి. "ఏందన్నా, నేనేమన్నా కొట్టానా తిట్టానా" అన్నాడు ఏజెంటు నాతో. వాడి చొక్కా ఇస్త్రీ కూడా నలగలేదు. రోత పుట్టిందమ్మా.

అంతకన్నా రోత శివాజీ గారిని చూస్తే. నేను మూడేళ్ళు గుమస్తాగా పనిచేసిన ఫైనాన్స్ ఆఫీసు ఓనరు. నీకు గుర్తుండే ఉంటాడు, నా మొదటి జీతం రోజు నువ్వు ఆయన పేరు ఎత్తి ప్రార్థన చేశావు. ఎండాకాలం ఆఫీసు ముందు చలివేంద్రం పెట్టి మజ్జిగ పోయిస్తాడు. తాగేవాళ్ళలో సగం మంది ఆయనకు నూటికి ఐదు రూపాయల వడ్డీ కట్టడానికి వచ్చినవాళ్ళే. మజ్జిగ గ్లాసు ఒక చేత్తో అందిస్తూ ఫోటో దిగుతాడు. ఆ మజ్జిగలో అల్లం, కరివేపాకు కూడా వేయిస్తాడు, ఏమీ లోటు చేయడు.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు చివర అడిగిన రెండు ప్రశ్నలకు ఇంకా జవాబు రాయలేదు. "మన సుబ్బమ్మ ఎట్లుంది?" అన్నావు. "ఆమె పరమాన్నం తెచ్చిన స్టీలు గిన్నె మన సామాన్లలోనే ఉండిపోయింది, గోపాలకృష్ణ అని వాళ్ళాయన పేరు చెక్కి ఉంటుంది చూడు, వెళ్ళి ఇచ్చావా?" అన్నావు. ఆ ఉత్తరం వచ్చిన రోజు నేను అన్నం తినలేదు.

సుబ్బమ్మ పిన్ని ఇల్లు జప్తులో ఉందమ్మా. శివాజీ గారు ఆమె మీద దావా వేశాడు. రెండు లక్షలకు ప్రామిసరీ నోటు, దాని మీద వడ్డీ, మొత్తం నాలుగు లక్షల ఎనభై వేలు. ఇల్లు అమ్ముకోకుండా ముందే జప్తు ఆర్డరు తెచ్చాడు. తీర్పు ఆయనకు వస్తే ఇల్లు వేలం వేస్తారు. ఉన్నది ఆ ఒక్క ఇల్లే కదా.

బాబాయి క్వారీలో రాళ్ళు కొట్టి కొట్టి ఊపిరితిత్తుల నిండా దుమ్ము నింపుకున్నప్పుడు, పిన్ని ఆస్పత్రికని తీసుకున్నది యాభై వేలు. రెండు వేల పంతొమ్మిదిలో. ఆ నోటు రాసింది నేను. ఓనరు చెప్పినట్టు అంకె వేసే చోటు వదిలేసి, మిగతాదంతా నింపి, స్టాంపు అంటించి, ఆమె చేత వేలిముద్ర వేయించాను. అందరికీ అలాగే వేయిస్తాం, ఆఫీసు పద్ధతి అనుకున్నాను. బాబాయి ఆ అప్పు తిని కూడా బతకలేదు. పిన్ని మూడేళ్ళు నెలకు రెండున్నర వేలు వడ్డీ కట్టింది.

ఇక్కడ నీకు ఒక మాట చెప్పాలి. నోటు రాసి మూడేళ్ళు దాటితే దాని మీద కోర్టుకు పోవడానికి లేదు. అందుకని గడువు లోపల అప్పున్నవాళ్ళ చేత ఎంతో కొంత కట్టించి, నోటు వెనక "ఈ దినము చెల్లు ఇన్ని రూపాయలు" అని రాసి వేలిముద్ర వేయిస్తారు. దాంతో నోటుకు ఇంకో మూడేళ్ళు ప్రాణం వస్తుంది. ఫైనాన్స్ ఆఫీసులో చెల్లు అంటే అది. మన ఊళ్ళో చెల్లు అంటే ఏమిటో నీకు నేను చెప్పక్కర్లేదు. బాకీ తీరిపోయింది, ఇక నీకూ నాకూ లెక్క లేదు అని.

రెండు వేల ఇరవై రెండు జూలైలో పిన్ని రెండు గేదెలనూ అమ్మి యాభై వేలు కొంగున కట్టుకుని బస్సెక్కి వచ్చింది. నేనే లెక్కపెట్టాను. అద్దం గదిలోంచి శివాజీ గారు తల కూడా ఎత్తకుండా "ఐదొందలు చెల్లు రాయరా, మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు. రాశాను. ఐదు వందల రూపాయలు మాత్రమే అని అక్షరాల్లో కూడా రాశాను. పిన్ని బొటనవేలు నొక్కి, ఆ ఇంకు కొంగుకు తుడుచుకుంటూ అడిగింది.

"అయిపోయినట్టేనా నాయనా?"

"చెల్లు రాశాను పిన్నీ" అన్నాను.

అంతే అన్నాను. అబద్ధం ఆడలేదని ఆ పూటంతా నాకు నేను చెప్పుకున్నాను. ఆమెకు ఏం అర్థమైందో నాకు తెలుసు. అర్థం కావాలనే ఆ మాట అన్నాను. నువ్వు ఊరందరికీ ఉత్తరాలు రాసిపెట్టే రోజుల్లో, రాసింది వాళ్ళకు చదివి వినిపించకుండా ఏనాడూ కవరు అంటించలేదు. "వాళ్ళ మాట వాళ్ళ చెవిన పడాలిరా" అనేదానివి. ఆ రోజు ఆ నోటు వెనక నేను రాసింది ఒక్క లైను. చదివి వినిపించడానికి నోరు రాలేదు.

ఆ సాయంత్రమే పిన్ని గిన్నె నిండా పరమాన్నం మన ఇంటికి తెచ్చింది. గుర్తుందా? నీకు వినపడలేదని నీ చెవి దగ్గర నోరు పెట్టి "చెల్లయిందక్కా, బాకీ చెల్లయింది" అని గట్టిగా అరిచింది. గేదెలు లేవు కాబట్టి పాలు కొని వండింది. ఆమె పాలు కొనడం ఆ ఇంట్లో అదే మొదటిసారి అయి ఉంటుంది. నువ్వు నాకు పళ్ళెంలో పెట్టావు. తిన్నాను. రెండోసారి పెట్టించుకుని తిన్నాను. ఆ ముద్ద ఇప్పటికీ ఛాతీలోనే ఉందనిపిస్తుంది.

తర్వాత రెండు నెలలకు ఆ ఉద్యోగం మానేశాను. మనసు ఒప్పక మానేశానని నీకు చెప్పాను. నువ్వు చర్చిలో సాక్ష్యం కూడా చెప్పావు. మనసు కాదమ్మా, జీతం పెంచమంటే పెంచలేదు. ఈ సంస్థలో చేరేటప్పుడు కోటేశ్వరి మేడం, మా లాయరు, "ఇంతకుముందు ఏం చేశావు" అంటే "ప్రైవేటు ఆఫీసులో గుమస్తా" అన్నాను. వడ్డీ వ్యాపారులంటే అసహ్యమని కూడా చెప్పాను. అది మాత్రం నిజమే.

కిందటి నెలలో పిన్ని సమన్లు పట్టుకుని మా ఆఫీసుకు వచ్చింది. ఏడుస్తూ రాలేదు. నవ్వుతూ వచ్చింది. "ఈ కాయితం ఎవురికో రావాల్సింది నాకొచ్చింది నాయనా. నువ్వే గదా నీ చేత్తో చెల్లు రాసింది. ఆ సంగతి వీళ్ళకి చెప్పు, అయిపోద్ది" అంది. వచ్చేటప్పుడు నాకు రెండు జామకాయలు తెచ్చింది. నేను "మేడం చూస్తారు పిన్నీ, నువ్వు ఇంటికి పో" అన్నాను. నాలుగు రోజులకు మేడం కోర్టు నుంచి నోటు జిరాక్సు తెచ్చి బల్ల మీద పరిచింది. ముందు పక్క రెండు లక్షల అంకె వేరే ఇంకు, వేరే చెయ్యి. మిగతాదంతా నాదే. వెనక చెల్లు కూడా నాదే. "దస్తూరి భలే ఉంది, ముత్యాలు. ఎవరిదో కనుక్కోవాలి సుధీర్, వాడు దొరికితే కేసు మనదే" అంది.

"తెలియదు మేడం" అన్నాను.

ఇరవై రోజులు అలాగే ఉన్నాను. రోజూ ఆఫీసుకు పోయాను, పక్కవాళ్ళ నోట్లు చదివి "మోసం, మోసం" అని పల్లెల్లో మీటింగుల్లో చెప్పాను. ఆడవాళ్ళకు ఖాళీ కాగితం మీద వేలు వేయొద్దని బోధించాను. వాళ్ళు చప్పట్లు కొడుతుంటే నా మీద నాకే రోత పుట్టేది. అప్పుడు వచ్చింది నీ ఉత్తరం. గిన్నె ఇచ్చావా అని.

మొన్న ఆదివారం చర్చి అయ్యాక గిన్నె తీసుకుని మన ఊరు బొల్లాపల్లి బస్సెక్కాను. గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని నువ్వు అంటావు కదా, దారిలో కిలో చక్కెర కొని అందులో పోశాను. పిన్ని పత్తి తీతకు పోయి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది.

"గిన్నె కోసం ఇంత దూరం ఎందుకొచ్చావురా. మీ అమ్మ ఎట్టుంది? చెవి ఏమన్నా బాగుపడిందా?" అంది.

ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. సంచిలోంచి జిరాక్సు తీసి, నోటు వెనక రాసింది ఆమెకు చదివి వినిపించాను. మూడేళ్ళు ఆలస్యంగా.

"ఐదొందలేంది?" అంది. "పొరపాటున రాశావా?"

"పొరపాటు కాదు పిన్నీ. యాభై వేలని తెలుసు. తెలిసే ఐదొందలు రాశాను. చెల్లు అంటే తీరిపోయిందని నువ్వు అనుకుంటావనీ తెలుసు."

"ఆయన రాయమన్నాడా?"

"అన్నాడు. రాసింది నేను."

పిన్ని చక్కెర గిన్నె వైపు చూసింది.

"గిన్నె ఖాళీగా ఇయ్యగూడదని తెలిసిందిరా నీకు. నోటు ఖాళీగా ఉంటే ఏలు ఏపించగూడదని తెలవలేదా?"

నేను జిరాక్సు మడిచి సంచిలో పెట్టాను.

"ఆ దినం పరమాన్నం తెచ్చినప్పుడు ఇంట్లోనే ఉన్నావు గదా. తిన్నావా?"

"తిన్నాను పిన్నీ."

"బెల్లం సరిపోయిందా?"

అమ్మా, నన్ను ఎవరైనా చెప్పుతో కొట్టి ఉంటే ఆ మాట కన్నా తేలిగ్గా ఉండేది. సరిపోయిందని చెప్పాను. ఇంకేం చెప్పను? ఆమె పక్కకు తిరిగి కాలవలో ఉమ్మింది. నా మీద ఉమ్మలేదు. లోపలికి పోయి చక్కెర మొత్తం కవరులో ఒంపి, గిన్నె కడిగి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"తీసకపో. కోర్టులో నిలబడి నువ్వేం రాశావో, నా దగ్గర ఏం తీసుకున్నావో అందరికీ ఇనపడేట్టు చదువు. చదివినాక తీసకరా. ఖాళీదే తీసకరా, ఈ చక్కెర గిక్కెర నాకొద్దు" అంది. చక్కెర కవరు కూడా నా సంచిలోనే వేసింది.

సోమవారం పొద్దున మేడంకు చెప్పాను. ఆమె అరవలేదు. "ఇరవై రోజులు నా ఎదురుగా కూర్చుని టీ తాగావు" అంది. "నిన్ను చూస్తంటే నాకు కంపరంగా ఉంది సుధీర్. అయినా ఈ కేసులో ఆమెకు నువ్వు తప్ప ఎవరూ లేరు, నా ఖర్మ." అఫిడవిట్ ఆమే తయారు చేసింది, ప్రతి లైనూ నా చేత చదివించి సంతకం పెట్టించింది. ఉద్యోగం సంగతి కేసు అయ్యాక మాట్లాడదామంది. ఉంచుకోదని నాకు అర్థమైంది. ఉంచుకోమని నేను అడగను.

అఫిడవిట్ కాపీ అందగానే శివాజీ గారు ఫోన్ చేశాడు. "ఏందిరా సుధీరూ, మా ఉప్పు తిని మాకే ఎసరు పెడతన్నావా? దస్తూరి నీది. నేను చూడనే లేదంటా, గుమస్తా డబ్బు నొక్కేశాడంటా. ఆ యాభై వేలు నువ్వే తిన్నావని కేసు పెడితే ఎవురు జైలుకు పోతారో ఆలోచించుకో" అన్నాడు. ఆయన చెప్పిందాంట్లో ఒకటి నిజమే, దస్తూరి నాది. మర్యాదగా ఫోన్ పెట్టేశాడు, పాపకు దీవెనలు కూడా చెప్పాడు. ఆ ఫోను చాలాసేపు ముట్టుకోబుద్ధి కాలేదు.

రేపు గురువారం జప్తు ఎత్తేయమనే పిటిషన్ విచారణకు వస్తుంది. నేను బోనెక్కాలి. చెప్పింది చెప్పినట్టు జడ్జి గారు నమ్మితే పిన్ని ఇల్లు జప్తు నుంచి బయటపడుతుంది, దావా కూడా నిలవదని మేడం అంటోంది. నమ్మకపోతే ఆమె ఇల్లూ పోతుంది, నా మీద కేసూ పడుతుంది. ఏంజెల్ భయపడుతోంది. స్కూల్లో ఆమె జీతం మీద ముగ్గురం కొన్నాళ్ళు బతకగలమని లెక్క వేసింది. నాకూ భయంగానే ఉంది. కానీ అమ్మా, మీటింగుల్లో చప్పట్లు కొట్టించుకున్నప్పుడు పుట్టిన రోత ఇప్పుడు లేదు.

నువ్వు ఇది చదివి చర్చిలో ఎవరికీ చెప్పొద్దని అనను. నా ఉద్యోగం గురించి సాక్ష్యం చెప్పావు కదా, ఇదీ చెప్పు. నా అక్షరాలు ముత్యాలని మాత్రం ఇక ఎవరితోనూ అనకు. పాప పలక చూసి కూడా అనకు. నువ్వు సెలవులకు వచ్చినప్పుడు దానికి రాయడం కంటే ముందు, రాసింది ఎదుటివాళ్ళకు చదివి వినిపించడం నేర్పు. నాకూ నేర్పావు. నేనే మరిచిపోయాను.

ఈ ఉత్తరం కవరులో పెట్టేముందు ఏంజెల్‌ను కూర్చోబెట్టి మొదటి నుంచి చదివి వినిపించాను. పరమాన్నం దగ్గర ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను ఆగకుండా గోడ ఇవతలి నుంచే గట్టిగా చదివాను.

గిన్నె ఇచ్చావా అని అడిగావు. ఇంకా ఇవ్వలేదమ్మా. ఖాళీగా, తోమి, రేపు కోర్టుకు తీసుకెళ్ళే సంచిలో ఉంది.

ఇట్లు,
పలక మీద నువ్వు చెయ్యి పట్టి దిద్దించిన నీ కొడుకు,
సుధీర్ బాబు

దస్తూరి: నాదే.